తిలంగాలు, తుపాకి విద్య, చాందా కోట

హిందీ, ఉర్దూ నిఘంటువులలో 'తిలంగా' అనే మాటకు అర్థం చూడబోయిన తెలుగువాడు కొంచెం ఆశ్చర్యపోతాడు. తెలుగు దేశస్థుడు అన్న అర్థంతో బాటు, ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన కాలిబంటు, కుంపిణీ సిపాయి అన్న అర్థం కూడా అక్కడ ఉంటుంది. 1857 మే నెలలో మీరట్ నుంచి ఢిల్లీ చేరిన సిపాయిలు దాదాపు అందరూ ఉత్తరాది వాళ్లే. తెలుగు నేల ఎట్లా ఉంటుందో వాళ్లలో చాలామంది విని కూడా ఉండరు. అయినా ఢిల్లీ వాసులు వాళ్లను 'తిలంగే' అనే పిలిచారు. అంటే అప్పటికి ఆ మాట ఒక ప్రాంతం పేరుగా ఉండడం మానేసి, ఒక వృత్తి పేరుగా మారిపోయింది.

ఒక జాతి పేరు ఒక విద్యకు పేరు కావడం అరుదు. ఆ విద్య తుపాకిని నింపడం, పేల్చడం, తుడిచి ఎండబెట్టి మళ్లీ పనికి వచ్చేట్టు ఉంచడం. మహారాష్ట్రలో తెలుగు చదువుకొనే విద్యార్థులు, అందులోనూ చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజూరా వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇక్కడి తెలుగువాళ్ల చరిత్ర బొగ్గు గనులతోనూ కాగితపు మిల్లుతోనూ మొదలైందని అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. చాందా కోట గోడల దగ్గరికి తెలుగు సిపాయి 1818లోనే వచ్చాడు. భుజాన తుపాకితో వచ్చాడు. ఆ రాకను గూర్చి గర్వపడాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ముందు అతని చేతిలో ఉన్న విద్య ఏమిటో తెలుసుకోవాలి. ఆ విద్య ఎవరికి నేర్పారు, ఎవరికి నేర్పకుండా ఆపారు అన్నదే మేము ఈ వ్యాసంలో చూడదలచిన విషయం.

తుపాకి మనకు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం నాటికి పాళెగాళ్ల దగ్గరా, జమీందార్ల దగ్గరా జామగి తుపాకులు బోలెడు ఉండేవి. జామగి అంటే సూరేకారపు నీళ్లలో నానబెట్టి ఎండబెట్టిన తాడు; నిదానంగా రాజుకుంటూ ఉంటుంది. మీట లాగితే ఆ నిప్పు వంగి రంజకాన్ని తాకుతుంది, రంజకం లోపలి మందును అంటిస్తుంది. గొట్టం పొడుగ్గా ఉంటుంది కనుక గురి బాగానే కుదిరేది. మన వేటగాళ్లు దీనితో అద్భుతాలు చేశారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వెలుగుతున్న తాడు చేతబట్టుకొని, నడుముకు మందు సంచీ కట్టుకొన్న మనిషి పక్కన మరో అలాంటి మనిషి భుజం ఆనించి నిలబడలేడు. ఎడం ఉండాలి. వాన పడితే తాడు ఆరిపోతుంది. రాత్రివేళ ఆ నిప్పుకణం శత్రువుకు జాడ చెబుతుంది.

ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ 1740ల నుంచి కోరమండల్ తీరంలో మన మనుషుల చేతికిచ్చింది చెకుముకి తుపాకి. దీనిలో నిప్పు బయట ఉండదు. 'గుర్రం' నోట బిగించిన చెకుముకి రాయి ఉక్కు రేకును గీసినప్పుడు రాలిన రవ్వలు రంజకంలో పడతాయి. కనుక వందమంది భుజం భుజం కలిపి నిలబడవచ్చు, ఒక్క కేకకు ఒక్కసారిగా పేల్చవచ్చు. గురి మాత్రం తక్కువ. ఇంగ్లీషువాళ్ల తుపాకి గొట్టం నున్నగా, ముప్పావు అంగుళం వెడల్పుతో ఉండేది. గుండు అందులో వదులుగా పడేది; నూరు గజాలు దాటితే ఎక్కడ తగులుతుందో దేవుడికే ఎరుక. ఈ తుపాకి బలం ఒక్కొక్క గుండులో లేదు. వరుసగా నిలబడ్డ మనుషులు నిమిషానికి రెండు మూడుసార్లు నింపి పేల్చగలగడంలో ఉంది.

అందుకే సిపాయికి నేర్పినది గురి కంటే ఎక్కువగా క్రమం. గుర్రాన్ని సగం లాగి ఉంచాలి. కాగితపు తూటా కొనను పంటితో కొరకాలి. గిన్నెలో చిటికెడు మందు పోసి మూత వేయాలి. తుపాకిని నిలబెట్టి మిగిలిన మందూ, గుండూ, కాగితమూ గొట్టంలో వేయాలి. గజం అనే కడ్డీ తీసి దట్టించాలి. గజాన్ని మళ్లీ దాని చోటులో పెట్టాలి. తొందరలో దాన్ని గొట్టంలోనే వదిలి పేల్చినవాడికి మరుసటి తూటా దట్టించేందుకు ఏమీ మిగలదు. అప్పుడు గుర్రాన్ని పూర్తిగా లాగి, భుజానికెత్తి, ఆజ్ఞ కోసం ఆగాలి. ఒక్కొక్క పనికీ ఒక్కొక్క కేక. నెలల తరబడి మైదానంలో ఇదే పని. నిద్రలో లేపినా చేతులు వాటంతటవే కదిలేదాకా కవాతు ఆగదు.

పేల్చడం సగం విద్య మాత్రమే. మిగిలిన సగం తుపాకిని బతికించుకోవడం. నల్లమందు కాలినప్పుడు దానిలో సగానికి పైగా వాయువుగా మారకుండా మసిగానూ ఉప్పుగానూ మిగులుతుంది. ఆ మసి గొట్టాన్ని ఇరుకు చేస్తుంది. గాలిలో తేమను పీల్చుకొని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె దానిని కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. కాబట్టి పేల్చిన రోజున గొట్టంలో నీళ్లు పోసి, గజానికి గుడ్డ చుట్టి కడగాలి. పొడిగుడ్డతో తేమ లేకుండా తుడవాలి. ఆ తర్వాతనే నూనె రాయాలి. ఈ వరుస తప్పితే తుప్పును లోపల పెట్టి మూత వేసినట్టే. రంజకపు రంధ్రం పూడిపోకుండా సిపాయి పట్టీకి ఒక సన్నని సూదీ, చిన్న కుంచే వేలాడుతుండేవి. చెకుముకి రాయి కొన్ని పదుల దెబ్బలకే అరిగిపోతుంది. కొత్త రాయిని తోలుముక్కలో చుట్టి, ఉక్కు రేకుకు సరిగ్గా ఎదురుగా వచ్చేట్టు బిగించడం ఒక నేర్పు. పేలని తూటాను బయటికి లాగేందుకు మరమేకు లాంటి పనిముట్టు వేరే ఉండేది. గుర్రం లోపలి స్ప్రింగులను మాత్రం సిపాయి ముట్టుకోకూడదు, అది పటాలపు కమ్మరి పని.

ఈ విద్య మన భాషలో వదిలిన జాడలు ఈ పీఠం విద్యార్థులకు ఉపయోగపడతాయి. మద్రాసు సైన్యంలో ఆజ్ఞలు ఇంగ్లీషులో ఉండేవి, వివరణ హిందుస్తానీలో ఉండేది. తెలుగువాడూ తమిళుడూ దక్కను ముసల్మానూ పటాలంలో ఒకరితో ఒకరు మాట్లాడుకొన్నది ఎక్కువగా ఆ భాషలోనే. కవాతు, గజం, జమేదారు, సుబేదారు, హవల్దారు ఆ దారిన పల్లెటూళ్లకు చేరాయి. తూటా హిందుస్తానీ టోటాకు చుట్టం. తుపాకి మాత్రం అంతకు ముందే తురుష్క భాషల నుంచి వచ్చి మనదైపోయింది. తెలుగువాడి పేరు హిందీలో సిపాయికి పేరైతే, సిపాయి పనిముట్ల పేర్లు హిందుస్తానీ నుంచి తెలుగులోకి వచ్చాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరికి లాభమో తేల్చడం కష్టం.

1756 చివర కలకత్తాను తిరిగి పట్టుకొనేందుకు క్లైవు మద్రాసు నుంచి ఓడలలో తీసుకువెళ్లిన సిపాయిలే ఉత్తరాది వాళ్లకు కనబడిన మొదటి తిలంగాలు. మరుసటి ఏడు ప్లాసీలో నిలబడ్డదీ వాళ్లే. ఆ 1757లోనే బెంగాల్‌లో స్థానికులతో కొత్త పటాలం లేపినప్పుడు ఈ దక్షిణాది వాళ్ల పద్ధతే నమూనా అయింది. దానితో బాటు పేరూ అంటుకొంది. న్యాయంగా చెప్పాలంటే ఆ ఓడలు ఎక్కిన వాళ్లంతా తెలుగువాళ్లు కారు. తమిళులు ఉన్నారు, ముసల్మానులు ఉన్నారు. కానీ ఉత్తరాది దృష్టిలో దక్షిణమంతా తెలంగానే. అదే 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద బుస్సీ సేనలు విరుచుకుపడిన సంగతి మనకు కథలుగా తెలుసు. ఆ కథలో కత్తులూ బల్లేలూ బాగా గుర్తున్నాయి. అవతలి పక్కన కవాతు నేర్చిన సిపాయిల చేతుల్లో ఉన్న తుపాకులను మాత్రం మన జ్ఞాపకం పట్టించుకోలేదు. వీరగాథకు తుపాకి అచ్చిరాదు కాబోలు.

చాందాకు వచ్చేముందు వేలూరును ఒక్కమాటలో తలచుకోవాలి. 1806లో మద్రాసు సైన్యంలో కొత్త నియమావళి వచ్చింది. కవాతు మైదానంలో నుదుట బొట్టూ నామమూ ఉండకూడదు, గడ్డం గీయించుకోవాలి, కొత్తరకం తలపాగా పెట్టుకోవాలి. జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. తుపాకి పట్టే మనిషి శరీరం మీద ఎంతవరకు అధికారం చెలాయించవచ్చు అన్న ప్రశ్న అక్కడ మొదటిసారి రక్తం కళ్లజూసింది. తిరగబడ్డ పటాలాలను రద్దు చేశారు. వాటిలో ఒకటి ఒకటో రెజిమెంటు మొదటి పటాలం. ఇరవై నాలుగో నంబరుతో అది మళ్లీ పుట్టింది.

ఆ ఇరవై నాలుగో నంబరు పటాలమే 1817 నవంబరు 26, 27 తేదీలలో నాగపూర్ రెసిడెన్సీ పక్కనున్న సీతాబర్డీ గుట్టల మీద, మద్రాసు సైన్యపు మరో పటాలంతో కలిసి, అప్పాసాహెబ్ భోంస్లే సేనలను ఎదిరించి నిలబడింది. ఎదుటివాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లలో అరబ్బులు మంచి యోధులు. రాత్రంతా, మరునాడు మధ్యాహ్నం దాకా కాల్పులు సాగాయి. గెలిచిన తర్వాత ఆ పటాలం కోరుకొన్నది భూములు కాదు, వేలూరులో పోగొట్టుకొన్న పాత నంబరు. కుంపిణీ ఇచ్చింది. ఈ సంగతి చదివినప్పుడల్లా మాకు మనసు ఒక విధంగా ఉండదు. పరాయివాడు పెట్టిన నంబరు కోసం, పరాయివాడి పక్షాన, మరాఠా రాజు మీద పోరాడారు. కానీ పేరు పోగొట్టుకొన్నవాడికి దానిని తిరిగి తెచ్చుకోవాలనే పట్టుదల ఎంత ఉంటుందో కూడా అందులో ఉంది.

ఆ యుద్ధం చివరి అంకం చాందాలో జరిగింది. గోండు రాజులు ఇరై, ఝర్పట్ నదుల కలయిక దగ్గర కట్టుకొన్న కోట అది. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో భోంస్లేల చేతికి వచ్చింది. 1818 ఏప్రిల్‌లో పీష్వా బాజీరావు చాందా వైపు రాబోతే కర్నల్ ఆడమ్స్ పాండర్‌కవడా దగ్గర అడ్డుకొని ఓడించాడు. మే నెల ఎండలో కోటను చుట్టుముట్టాడు. ఆడమ్స్ సేనలో బెంగాల్ పటాలాలతో బాటు నాగపూర్ వైపు నుంచి కర్నల్ స్కాట్ తెచ్చిన మద్రాసు సిపాయిలు ఉన్నారు. ఫిరంగులు గోడకు గండి కొట్టిన తర్వాత మే 20న దాడి జరిగింది. కిల్లేదారు గంగాసింగ్ లొంగలేదు, పోరాడుతూ చనిపోయాడు. జట్‌పురా దర్వాజా, పఠాన్‌పురా దర్వాజా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటి కింద రోజూ నడిచే తెలుగు విద్యార్థి ఈ సంగతి తెలుసుకొని నడవాలి. ఇక్కడికి మన మొదటి రాక అతిథిగా కాదు.

ముప్పై అయిదేళ్లు గడిచాయి. 1853 డిసెంబరులో మూడవ రఘోజీ వారసుడు లేకుండా చనిపోగా, మరుసటి ఏడు డల్హౌసీ నాగపూర్ రాజ్యాన్ని కలుపుకొన్నాడు. చాందా జిల్లా అయింది. అదే కాలంలో తుపాకి కూడా మారింది.

చెకుముకి స్థానంలో అంతకు ముందే రాగి టోపీ వచ్చింది. వానలో కూడా పేలుతుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి అంతకంటే పెద్ద మార్పు. గొట్టం వెడల్పు 0.577 అంగుళం, లోపల మెలితిరిగిన మూడు గాడులు. గుండు గుండ్రంగా ఉండదు, కోసుగా ఉంటుంది. మందు పేలినప్పుడు గుండు అడుగుభాగం ఉబ్బి గాడులను పట్టుకొంటుంది, బొంగరంలా తిరుగుతూ బయటికి పోతుంది. నూరు గజాల తుపాకి ఒక్కసారిగా కొన్ని వందల గజాల తుపాకి అయింది. దానితో బాటు సిపాయి నేర్వవలసినదీ మారింది. దూరాన్ని కంటితో అంచనా కట్టాలి, గురిపలకను దానికి తగ్గట్టు లేపాలి. క్రమం ఒక్కటే చాలదు, ఇప్పుడు మనిషి ఆలోచించాలి. ఇందుకోసమే డండం, అంబాలా, సియాల్‌కోట్‌లలో ప్రత్యేక శిక్షణ కేంద్రాలు పెట్టారు.

కొవ్వు కథ ఇక్కడే పుట్టింది. ఆ కథను మనం మత విషయంగా చదువుకొన్నాము, అది తప్పు కాదు. కానీ ఆ కొవ్వు తూటాకు ఎందుకు రాశారు? మసి కోసం. గాడులున్న గొట్టంలో మసి పేరుకొంటే గుండు కిందికి దిగదు. తూటా కాగితానికి కొవ్వూ మైనమూ పూస్తే ప్రతి గుండూ దిగుతూ వెనకటి మసిని మెత్తబరుస్తుంది. అంటే అది తుపాకి శుభ్రతకు సంబంధించిన ఏర్పాటు, కవాతు పుస్తకంలో ఒక చిన్న అంశం. ఆ కొవ్వు ఏ జంతువుదో గుత్తేదారును గట్టిగా అడిగి తెలుసుకోవాలని పైవాళ్లకు తోచలేదు. తూటాను పంటితో కొరికేది తాము కాదు గదా. 1857 జనవరిలో డండంలో పుకారు లేచిన కొద్ది రోజులకే, సిపాయిలు తమకిష్టమైన మైనమూ నూనే తామే పూసుకోవచ్చునని అనుమతి వచ్చింది. తర్వాత పంటితో కొరకడం మాని చేత్తో చింపేట్టు కవాతునే మార్చారు. అప్పటికే ఆలస్యమైంది. నియమం మార్చడమే నేరాన్ని ఒప్పుకొన్నట్టు కనిపించింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, మే 10న మీరట్.

నాగపూర్‌లో జూన్ 13న అశ్వికదళం తిరగబడేందుకు పథకం వేసింది. అది బయటపడింది. పక్కనే కామ్టీలో ఉన్న మద్రాసు పటాలాలు కదలలేదు. తిరుగుబాటుదారుల ఆయుధాలు తీయించడానికి వాళ్లనే వాడుకొన్నారు. తిలంగా అన్న పేరు పెట్టుకొన్న ఉత్తరాది వాళ్లు ఢిల్లీలో ఒకవైపు, ఆ పేరుకు మూలమైన దక్షిణాది వాళ్లు కామ్టీలో మరొకవైపు. మద్రాసు సిపాయి పెళ్లాంబిడ్డలతో పటాలం లైన్లలోనే కాపురం ఉండేవాడు; పటాలంలో అన్ని కులాలవాళ్లూ కలిసి ఉండేవాళ్లు; ఒకే కులం, ఒకే ఊరు అన్న కట్టు బెంగాల్‌లో ఉన్నంత ఇక్కడ లేదు. చరిత్రకారులు చెప్పే ఈ కారణాలు సబబుగానే తోస్తాయి. వేలూరు శిక్ష జ్ఞాపకం కూడా పని చేసి ఉంటుందని మా ఊహ.

కదలని చోట పటాలాలు కదలలేదు గాని, అడవి కదిలింది. 1858 మార్చిలో చాందా జిల్లా దక్షిణాన, గోండీ, తెలుగు, మరాఠీ మూడూ వినబడే సీమలో, మొలంపల్లి బాబూరావు సడ్మేక్ గోండులనూ రోహిల్లాలనూ కూడగట్టి రాజ్‌గఢ్ పరగణా మీద పడ్డాడు. అర్పల్లి, ఘోట్ జమీందారు వెంకటరావు అతనితో కలిశాడు. డిప్యూటీ కమిషనరు కెప్టెన్ క్రిక్టన్ చాందా నుంచి దండు పంపాడు. నందగావ్ ఘోస్రీ దగ్గరా, మరికొన్ని చోట్లా పోరాటాలు జరిగాయి. ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గొండి దగ్గర తంతి శాఖ ఉద్యోగులు గార్ట్‌లాండ్, హాల్ చనిపోయారు. బాబూరావు దెబ్బ తంతి మీద పడడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ కొత్త తుపాకీ, కొత్త తంతీ ఒకే ప్రభుత్వపు రెండు చేతులు. చివరకు అహేరి జమీందారిణి లక్ష్మీబాయి అతన్ని పట్టించింది. 1858 అక్టోబరు 21న చాందా జైలులో ఉరి తీశారు. వెంకటరావు బస్తరుకు తప్పించుకొన్నాడు, 1860లో పట్టుబడ్డాడు. అదే ఏడు నిజాం సిరోంచా తాలూకాను ఇంగ్లీషువాళ్లకు వదులుకొన్నాడు. 1874లో అది చాందాలో కలిసింది. చాందా జిల్లా లెక్కలలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో కనిపించడం అప్పటినుంచే.

1818లోని తెలుగు సిపాయినీ 1858లోని వెంకటరావునూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే చాందా తెలుగువాడి చరిత్ర ఒక్క పక్షానికి చెందినది కాదని తెలుస్తుంది. తిరుగుబాటు ఓడిపోవడానికి ధైర్యం తక్కువ కావడం కారణం కాదు. ఆ రోజుల్లో రోహిల్లా అయినా జమీందారు మనిషి అయినా పట్టినది ఎక్కువగా జామగి తుపాకే. తుపాకి దొరికినా టోపీలు, తూటాలు, సీసం, మరమ్మతు చేసే కమ్మరి వరుసగా అందే ఏర్పాటు అడవిలో లేదు. తుపాకి విద్య అంటే మనిషి చేతిలో ఉన్నంతే కాదు, అతని వెనక ఉన్న బండి కూడా.

ఆ తర్వాత జరిగినది మా దృష్టిలో ఈ కథకు కీలకం. మన పాఠ్యపుస్తకాలు దానిని అంతగా పట్టించుకోలేదు. 1858 తర్వాత భారతీయ సిపాయికి ఇవ్వడానికి ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టంలోని గాడులు తీసేసి, 0.656 అంగుళం వెడల్పున నున్నగా తొలిచి కొత్త నమూనా చేశారు. బయటికి అదే తుపాకి, లోపల పాతకాలపుది. దూరపు గురి పోయింది, లేపే గురిపలక బదులు కదలని గురి మిగిలింది. తెల్ల సిపాయికి గాడుల తుపాకి, నల్ల సిపాయికి నున్నటి తుపాకి. పర్వత దళాల వంటి కొన్ని మినహా ఫిరంగులనూ భారతీయుల చేతుల నుంచి తప్పించారు. ఇది అక్కడితో ఆగలేదు. 1860లలో వెనకనుంచి నింపే స్నైడర్ తెల్లవాళ్లకు వచ్చింది, భారతీయులకు 1870లలో వచ్చింది. అప్పటికి తెల్లవాళ్ల దగ్గర మార్టినీ-హెన్రీ ఉంది. భారతీయుల చేతికి మార్టినీ వచ్చేసరికి తెల్లవాళ్లు మ్యాగజైను ఉన్న లీ-మెట్‌ఫర్డుకు మారారు. ఒక తరం వెనక ఉంచడం అనే నియమాన్ని అర్ధ శతాబ్దం పాటు పాటించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లీ-ఎన్‌ఫీల్డు ఇద్దరికీ వచ్చేదాకా అది కొనసాగింది. సిపాయిని ఎంత నమ్ముతున్నారో తెలుసుకోవడానికి అతని జీతం పట్టిక కంటే అతని తుపాకి గొట్టంలోకి తొంగిచూడడం మేలు.

పటాలం బయట ఉన్నవాడి మీద 1878 ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే తుపాకి ముట్టకూడదు. ఇక తెలుగువాడి సంగతి. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా, తర్వాత 1893 దాకా దేశమంతటికీ సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారనే సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మినవాడు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే తగ్గాయి, కొన్నిటిలో పంజాబీలను నింపారు, తెలుగువాళ్లను చేర్చుకోవడం క్రమంగా సన్నగిల్లింది. ఉత్తరాదికి సిపాయి అనే మాటనే ఇచ్చిన జాతి, సిపాయి కులాల జాబితాలోంచి జారిపోయింది. మళ్లీ పెద్దయెత్తున తీసుకొన్నది రెండో ప్రపంచ యుద్ధంలోనే. అవసరం వస్తే సిద్ధాంతాలు ఎంత త్వరగా కరుగుతాయో!

అటువంటి కాలంలో పెరిగిన తెలుగు యువకులు 1947లో మళ్లీ చాందా వచ్చారు. ఈసారి వచ్చినది నైజాము నుంచి. 1929లో కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తయిన తర్వాత వార్ధా నది దాటడం సులువైంది. నదికి ఇవతల చాందా మధ్యపరగణాలది, అవతల రాజూరా ఆదిలాబాద్ జిల్లాది, నిజాముది. 1947 ఆగస్టులో స్వామి రామానంద తీర్థ అరెస్టయిన తర్వాత హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సరిహద్దు వెంబడి శిబిరాలు పెట్టింది. వాటి కార్యాచరణ సమితికి నాయకుడు డి.జి. బిందు. చాందా శిబిరం వాటిలో ఒకటి. నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివిన పి.వి. నరసింహారావు ఆ శిబిరంలో పనిచేశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. సరిహద్దు శిబిరాల నుంచి జట్లు వెళ్లి కరోడ్‌గిరి నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేసేవి. ఎదురుగా రజాకార్లు ఉండేవాళ్లు.

ఆ రోజుల్లో ఉపఖండంలో సైనికుడూ పోలీసూ పట్టిన తుపాకి 0.303. ఆ తుపాకి ఏమేమి అడుగుతుందో చూస్తే, చదువుకొన్న యువకులు ఎంత దూరం ప్రయాణించవలసి వచ్చిందో అర్థమవుతుంది. మ్యాగజైనులో పది తూటాలు పడతాయి. బోల్టును లేపి వెనక్కి లాగితే ఖాళీ గొట్టు బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. మ్యాగజైను తీసేసినంత మాత్రాన తుపాకి ఖాళీ అయినట్టు కాదు. గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. బోల్టు వెనక్కి లాగి కంటితో చూసి, వేలితో తడిమితేనే నమ్మకం. తుపాకి చేతులు మారినప్పుడల్లా ఇదే మొదటి పని. తుపాకి మడమలో ఇత్తడి తలుపు వెనక నూనెసీసా, తాడు ఉంటాయి. తాడుకు గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగాలి, వెనకనుంచి ముందుకు. ఈ తూటాల మందు పొగలేనిది. అయినా టోపీలోని రసాయనం ఉప్పును మిగుల్చుతుంది, కనుక మరిగే నీళ్లు పోయవలసిందే. నూట ముప్పై ఏళ్ల కింద సీతాబర్డీ సిపాయి చేసిన పనే ఇది. బోల్టు మీదా తుపాకి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. నాలుగు తుపాకులు విప్పి తుడిచేటప్పుడు బోల్టులు తారుమారైతే, తూటా వెనక సందు ఎక్కువై గొట్టు పగిలి, పేల్చినవాడి ముఖానికే ప్రమాదం రావచ్చు. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టుకొంటుంది, తక్కువైతే తుప్పు.

ఇవేవీ గొప్ప రహస్యాలు కావు. సైన్యంలో చేరిన ఏ కుర్రవాడికైనా మొదటి నెలల్లో వస్తాయి. కానీ శిబిరాల ఆయుష్షే ఏడాది. లైసెన్సు చట్టాల నీడలో, సేనలో చేర్చుకోని జాతిలో పుట్టి, పలకా బలపంతోనో న్యాయశాస్త్ర గ్రంథంతోనో పెరిగినవాడికి ఆ కొద్ది నెలలూ చాలా తక్కువ. 'తిలంగా' అనే పేరుతో ఢిల్లీని గడగడలాడించిన విద్య, ఆ పేరు అసలు యజమానుల మనుమలకు మొదటి అక్షరం నుంచి నేర్చుకోవలసిన విద్యగా మారింది. నేర్చుకొన్న చోటు మాత్రం వాళ్ల పూర్వుడు గండి గుండా ప్రవేశించిన ఊరు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి కదిలింది. అయిదు రోజులలో పని ముగిసింది. చాందా శిబిరం యువకులు ఇళ్లకు వెళ్లిపోయారు, కొందరు చట్టసభలకు వెళ్లారు. రాజూరా 1956లో ఆదిలాబాద్ నుంచి విడిపోయింది, తర్వాత చాందా జిల్లాలో చేరింది. 1960లలో చాందా పేరు చంద్రపూర్ అయింది. సిరోంచా 1982లో కొత్త గడ్చిరోలీ జిల్లాకు పోయింది. ఆ 1960లలోనే చంద్రపూర్‌కు ఉత్తరాన భద్రావతి దగ్గర కేంద్ర ప్రభుత్వం ఆయుధ కర్మాగారం పెట్టింది. దానిని స్థానికులు తుపాకుల ఫ్యాక్టరీ అని అంటూ ఉంటారు గాని, అక్కడ తుపాకులు తయారు కావు. ఫిరంగి గుండ్లలోనూ ఇతర మందుగుండులోనూ పేలుడు పదార్థం నింపడం అక్కడి పని. 2021 అక్టోబరు నుంచి అది మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థలో భాగం. సైనికుడి తుపాకి ఇషాపూర్, తిరుచిరాపల్లి, కోర్వా వంటి చోట్ల తయారవుతుంది.